ఆంగ్ల క్రియావిశేషణం ‘యెట్’ – తెలుగు ‘ఇంకా’: వాక్యప్రయోగ పరిశీలన

వ్యాససంగ్రహం

ఆంగ్లంలో తరచుగా వాడే కాలవాచక క్రియావిశేషణాల్లో ‘యెట్’ ఒకటి. నిఘంటువులు దీనికి తెలుగులో ‘ఇంకా’ అనే అర్థాన్ని ఇస్తాయి. ఆ అర్థం సరైనదే. కాని రెండు పదాల ప్రయోగ పరిధులు ఒకటి కావు. ‘ఇంకా’ అన్నచోటల్లా ‘యెట్’ రాయడం వల్లా, ‘ఇంకా’ ఉండే స్థానంలోనే దానిని ఉంచడం వల్లా తెలుగువారి ఆంగ్ల వాక్యాల్లో అర్థభేదాలు ఏర్పడుతున్నాయి. ‘ఇంకా’ పూర్వస్థితి కొనసాగుతున్నదని చెబుతుంది. ‘యెట్’ ఎదురుచూసిన మార్పు వచ్చిందా, రాలేదా అన్న విషయాన్ని చెబుతుంది. ఈ ఒక్క భేదం ఆధారంగా ‘యెట్’ ప్రయోగాలను, సాధారణంగా కనిపించే దోషాలను, పరిశోధన రచనలో వాటి పర్యవసానాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కాలవాచక క్రియావిశేషణం, యెట్, స్టిల్, ఇంకా, ఇక, వ్యతిరేక వాక్యం, వ్యతిరేకాత్మక భాషాశాస్త్రం, అనువాదం.

1. ఉపోద్ఘాతం

తెలుగు పరిశోధన వ్యాసాలకు, సిద్ధాంత గ్రంథాలకు ఆంగ్ల సంగ్రహాన్ని జతచేయడం నేడు సాధారణమైంది. అటువంటి సంగ్రహాల్లో తప్పక ఎదురయ్యే వాక్యం ఒకటి ఉంది: “ఈ కవి వచన రచనలపై ఇంకా సమగ్ర పరిశోధన జరగలేదు.” పరిశోధన అవసరాన్ని నిరూపించే వాక్యం ఇదే. దీనిని ఆంగ్లీకరించేటప్పుడు ‘ఇంకా’కు బదులు ‘యెట్’ తీసుకుని, దానిని వాక్యం మొదట ఉంచి, “యెట్ నో కంప్లీట్ స్టడీ హాజ్ బీన్ డన్” అని రాస్తే వ్యాకరణరీత్యా వాక్యం నిర్దుష్టంగానే కనిపిస్తుంది. కాని ఆంగ్ల పాఠకునికి అందే అర్థం వేరు. “అయినప్పటికీ సమగ్ర పరిశోధన ఏదీ జరగలేదు” అని అతడు గ్రహిస్తాడు. కాలాన్ని చెప్పవలసిన పదం సముచ్చయార్థకంగా మారిపోయింది. ముందు వాక్యంతో ఏదో ఒక వైరుధ్యం కుదిరితే ఈ పొరపాటు ఎవరి కంటా పడదు. కుదరకపోతే తర్కం తెగినట్టు తోస్తుంది.

ఒక భాషలోని అంశాన్ని మరొక భాషలోని అంశంతో పోల్చి, నేర్చుకునేవారికి ఎక్కడ కష్టం కలుగుతుందో ముందుగా గుర్తించవచ్చునని రాబర్ట్ లాడో 1957లో ప్రతిపాదించాడు. స్టాక్‌వెల్, బోవెన్, మార్టిన్‌లు 1965లో ఆంగ్ల, స్పానిష్ వ్యాకరణ నిర్మాణాలను పోలుస్తూ ఈ కష్టాలను స్థాయులుగా విభజించారు. మాతృభాషలోని ఒకే రూపం లక్ష్యభాషలో రెండు లేదా అంతకంటె ఎక్కువ రూపాలుగా చీలిపోవడాన్ని అత్యంత కఠినమైన స్థితిగా పరిగణించారు. ఆంగ్లంలోని ‘ఫర్’ స్పానిష్‌లో ‘పోర్’, ‘పారా’ అని రెండుగా చీలడం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. తెలుగు ‘ఇంకా’ ఆంగ్లంలోకి వెళ్లేటప్పుడు జరిగేది అటువంటి చీలికే. ఇక్కడ మాత్రం ఒకటి రెండు కాదు, అయిదుగా చీలుతుంది.

2. ‘ఇంకా’ అర్థపరిధి

ఈ క్రింది వాక్యాలను పరిశీలించవచ్చు.

అ) ఆయన ఇంకా గ్రంథాలయంలోనే ఉన్నారు.
ఆ) ఆయన ఇంకా రాలేదు.
ఇ) ఇంకా రెండు అధ్యాయాలు రాయాలి.
ఈ) ఇంకా ఎవరు వచ్చారు?
ఉ) రెండవ ముద్రణ ఇంకా బాగుంది.

వీటికి ఆంగ్లంలో వరుసగా ‘స్టిల్’, ‘యెట్’, ‘మోర్’, ‘ఎల్స్’, ‘ఈవెన్’ అనే పదాలు రావాలి. చివరి వాక్యంలో ‘స్టిల్’ కూడా చెల్లుతుంది. తెలుగులో ఇవన్నీ ఒకే పదం వ్యాప్తిలో ఇమిడిపోవడానికి కారణం వీటన్నింటిలో ఉమ్మడిగా ఉన్న ‘అంతటితో ఆగలేదు’ అనే భావం. స్థితి ఆగలేదు, లెక్క ఆగలేదు, గుణం ఆగలేదు.

ఇది తెలుగుకు మాత్రమే పరిమితమైన లక్షణం కాదు. జర్మన్‌లోని ‘నొఖ్’, ఫ్రెంచిలోని ‘ఆంకోర్’ కూడా కొనసాగింపును, వ్యతిరేక వాక్యంలో ‘ఇంకా లేదు’ అనే అర్థాన్ని, ‘మరొకటి’ అనే అర్థాన్ని, తారతమ్యంలో అతిశయాన్ని ఒకే పదంతో తెలుపుతాయి. కనుక ‘ఇంకా’ అస్పష్టమైన పదమని, ఆంగ్లం స్పష్టమైనదని భావించడం సరికాదు.

తెలుగు తనకు కావలసిన స్పష్టతను పదక్రమంతో సాధిస్తుంది. పరీక్ష ముగిసే వేళ “ఇంకా ఇద్దరు ఉన్నారు” అంటే మరో ఇద్దరు ఉన్నారనే అర్థం ముందుగా స్ఫురిస్తుంది. “ఇద్దరు ఇంకా ఉన్నారు” అంటే ఆ ఇద్దరు వెళ్లిపోలేదని అర్థం. మొదటిది ఆంగ్లంలో ‘టూ మోర్’, రెండవది ‘స్టిల్’. తెలుగులో స్థానం చేసే పనిని ఆంగ్లంలో పదభేదం చేస్తున్నది.

దీర్ఘ హ్రస్వ భేదం కూడా ఇక్కడ గమనించదగినది. ‘ఇంకా’ అన్నది కొనసాగింపు. ‘ఇంక’ లేదా ‘ఇక’ అన్నది ముగింపు తర్వాతి స్థితి. “ఆయన ఇంకా రాలేదు” అన్నప్పుడు వస్తాడనే ఆశ మిగిలి ఉంది. “ఆయన ఇంక రాడు” అన్నప్పుడు ఆశ లేదు. మొదటిదానికి ఆంగ్లంలో ‘నాట్ యెట్’, రెండవదానికి ‘నో లాంగర్’ లేదా ‘నాట్ ఎనీమోర్’ సరిపోతాయి. రాతలో దీర్ఘం జారితే అనువాదంలో ఆశ నిరాశగా మారుతుంది.

3. కొనసాగింపు – మార్పు

జర్మన్‌లోని ఇటువంటి పదాలను విశ్లేషిస్తూ సెబాస్టియన్ లోబ్నర్ 1989లో ఒక పద్ధతిని ప్రతిపాదించాడు. దాని సారం ఇది: ఈ పదాలు ఒక స్థితిని, దానికి వ్యతిరేకమైన మరొక స్థితిని, ఆ రెండింటి మధ్య జరిగే మార్పును దృష్టిలో ఉంచుకుంటాయి. ‘ఆల్రెడీ’, ‘స్టిల్’, ‘నాట్ యెట్’, ‘నో లాంగర్’ అనే నాలుగు ఒకదానితో ఒకటి వ్యతిరేకార్థ సంబంధంతో ముడిపడి ఉంటాయి. ‘ఆల్రెడీ’కి వ్యతిరేకం ‘నాట్ యెట్’. ‘స్టిల్’కు వ్యతిరేకం ‘నో లాంగర్’.

ఈ నాలుగింటిని తెలుగులో ఇలా చూపవచ్చు.

ఆల్రెడీ: అప్పుడే వచ్చేశాడు, ఇప్పటికే వచ్చాడు.
నాట్ యెట్: ఇంకా రాలేదు.
స్టిల్: ఇంకా ఉన్నాడు.
నో లాంగర్: ఇక లేడు.

ఇందులో ‘ఇంకా’ రెండు చోట్ల వచ్చింది. ఒకటి అనుకూల వాక్యం, మరొకటి వ్యతిరేక వాక్యం. అయినా తెలుగువారి దృష్టిలో ఈ రెండింటి నిర్మాణం ఒకటే. ‘ఉండడం’ అనే స్థితి కొనసాగుతున్నది. ‘రాకపోవడం’ అనే స్థితి కూడా కొనసాగుతున్నది. రాకపోవడాన్ని కూడా ఒక స్థితిగా స్వీకరించి తెలుగు దానికి ‘ఇంకా’ను చేరుస్తుంది. ఆంగ్లం అలా చేయదు. అది ‘రావడం’ అనే మార్పును ముందు ఉంచుకుని, అది జరగలేదని ‘యెట్’తో చెబుతుంది. తెలుగు వెనుకటి స్థితిని చూస్తుంది. ఆంగ్లం రాబోయే మార్పును చూస్తుంది. ‘యెట్’ ప్రయోగంలోని ప్రధాన నియమాలన్నీ ఈ దృష్టిభేదం నుండే వివరించవచ్చు.

4. ‘యెట్’ ప్రయోగ స్థానాలు

4.1 వ్యతిరేక వాక్యం

‘యెట్’ ప్రధానంగా వ్యతిరేక వాక్యంలో వస్తుంది. వ్యవహారంలో దాని స్థానం వాక్యాంతం: “షి హాజ్ నాట్ కమ్ యెట్”, అనగా ఆమె ఇంకా రాలేదు. శాస్త్రీయ రచనలో ‘నాట్’ వెంటనే ఉంచడం వాడుక: “ది మాన్యుస్క్రిప్ట్ హాజ్ నాట్ యెట్ బీన్ ఎడిటెడ్”, అనగా తాళపత్ర ప్రతి ఇంకా పరిష్కృతం కాలేదు. వాక్యం దీర్ఘమైనప్పుడు రెండవ పద్ధతే మేలు. కర్మపదం, విశేషణవాక్యాలు దాటి చివర ‘యెట్’ వస్తే అది దేనికి అన్వయిస్తుందో తెలియదు.

4.2 ప్రశ్న

అనుకూల ప్రశ్నలో కూడా ‘యెట్’ వస్తుంది: “హావ్ యు ఈటెన్ యెట్?” దీనికి తెలుగు “భోజనం చేశారా?” అన్నంతే. ఇక్కడ ‘ఇంకా’ రాదు. “ఇంకా భోజనం చేశారా?” అనే వాక్యం తెలుగులో పొసగదు. “ఇంకా వచ్చారా?” అంటే మరికొందరు వచ్చారా అనే అర్థం వస్తుంది. కారణం స్పష్టం. ఈ ప్రశ్న మార్పు జరిగిందా అని అడుగుతున్నది. కొనసాగుతున్న స్థితి ఏదీ ఇందులో ప్రతిపాదితం కాలేదు. కనుక ‘ఇంకా’కు తావు లేదు. తెలుగులో ‘ఇంకా’ లేకపోవడం వల్లనే విద్యార్థులు ఆంగ్లంలో ‘యెట్’ను విడిచిపెడతారు.

దీనికి దగ్గరగా ఉన్న మరో రెండు ప్రశ్నలతో పోల్చితే భేదం తేటపడుతుంది. “ఇంకా భోజనం చేయలేదా?” అన్నదానిలో ఈపాటికి చేసి ఉండాలనే ఆశ్చర్యం ఉంది, ఆంగ్లంలో అది “హావ్ యు నాట్ ఈటెన్ యెట్?” అవుతుంది, వ్యవహారంలో ‘హావెంట్’ అనే సంక్షిప్త రూపమే వినిపిస్తుంది. “అప్పుడే తినేశారా?” అన్నదానిలో ఇంత త్వరగానా అనే ఆశ్చర్యం ఉంది, ఆంగ్లంలో అక్కడ ‘యెట్’ కాదు, ‘ఆల్రెడీ’ రావాలి. ఆశ్చర్యం లేకుండా సమాచారం కోసం అడిగే ప్రశ్నకే ‘యెట్’ తగినది.

4.3 ‘హావ్ యెట్ టు’ నిర్మాణం

“ది కమిటీ హాజ్ యెట్ టు సబ్మిట్ ఇట్స్ రిపోర్ట్” అనే వాక్యంలో వ్యతిరేకార్థక పదం ఏదీ లేదు. అయినా అర్థం వ్యతిరేకమే: సంఘం ఇంకా నివేదిక సమర్పించలేదు. ‘నాట్’ కనిపించకపోవడం వల్ల దీనిని అనుకూల వాక్యంగా చదివే ప్రమాదం ఉంది. దీనికి ‘నాట్’ చేర్చి “హాజ్ నాట్ యెట్ టు సబ్మిట్” అని రాయడం మరో దోషం.

తెలుగులో దీనికి చక్కని సమాంతర నిర్మాణం ఉంది: “సంఘం నివేదిక సమర్పించవలసి ఉంది.” ఇందులో కూడా ‘లేదు’ అనే పదం లేదు; అయినా సమర్పణ జరగలేదని శ్రోతకు తెలుస్తుంది. ‘వలసి ఉంది’ అన్నచోట ‘హాజ్ యెట్ టు’, ‘ఇంకా… లేదు’ అన్నచోట ‘హాజ్ నాట్… యెట్’ అని జతపరిచి నేర్పితే ఈ గందరగోళం తొలగుతుంది.

4.4 ఇతర ప్రయోగాలు

అనుకూల వాక్యంలో ‘యెట్’ కొన్ని నిర్దిష్ట సందర్భాల్లోనే నిలిచి ఉంది. ‘మే యెట్’ అంటే జరిగే అవకాశం మిగిలే ఉందని. ‘యెట్ అనదర్’ అంటే ఇప్పటికే ఉన్నవాటికి తోడు మరొకటి. అతిశయార్థక విశేషణం తర్వాత, ‘ది బెస్ట్ యెట్’ వంటి పదబంధంలో, ఇప్పటివరకు వచ్చినవాటిలో అనే అర్థం ఉంటుంది. పూర్వపు ఆంగ్లంలో ‘యెట్’ అనుకూల వాక్యంలో ‘స్టిల్’ చేసే పనిని కూడా చేసేది. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిలు అనువాదంలో ఈ ప్రయోగం తరచుగా కనిపిస్తుంది. ‘స్టిల్’కు మూలార్థం ‘నిశ్చలంగా’. ‘ఎల్లప్పుడూ’ అనే అర్థం మీదుగా అది ‘ఇప్పటికీ’ అనే అర్థానికి చేరి, అనుకూల వాక్యాన్ని తన పరం చేసుకుంది. అంటే ఒకప్పుడు ‘యెట్’ కూడా ‘ఇంకా’ వలె విశాలమైన పదమే. ప్రాచీన గ్రంథాలతో పరిచయమున్నవారు ఆ ప్రయోగాన్ని చూసి నేటి రచనలో అనుకరించరాదు.

5. సాధారణ దోషాలు

5.1 స్థానదోషం. తెలుగులో ‘ఇంకా’ వాక్యారంభంలో గాని, క్రియకు ముందుగాని సహజంగా ఉంటుంది. “ఇంకా నాకు ఉత్తరం అందలేదు” అన్నదానిని అదే క్రమంలో “యెట్ ఐ హావ్ నాట్ రిసీవ్డ్ ది లెటర్” అని రాస్తే “అయినా నాకు ఉత్తరం అందలేదు” అని అర్థమవుతుంది. ‘యెట్’ వాక్యారంభంలో ఉంటే సాధారణంగా అది కాలవాచకం కాదు.

5.2 అనుకూల వాక్యదోషం. “అతడు ఇంకా నిద్రపోతున్నాడు” అన్నదానికి “హి ఈజ్ యెట్ స్లీపింగ్” అని రాయడం నేటి ఆంగ్లంలో చెల్లదు. అక్కడ ‘స్టిల్’ ఉండాలి. నిద్ర కొనసాగుతున్నదన్నదే చెప్పదలచిన విషయం గనుక కొనసాగింపు పదమే తగినది.

5.3 కాలదోషం. తెలుగులో ‘తినలేదు’ అనే రూపం ఒకటే. అది నిన్నటి సంగతికీ, ఈ క్షణం వరకు ఉన్న స్థితికీ సరిపోతుంది. “నిన్న తినలేదు”, “ఇంకా తినలేదు” అన్న రెండు వాక్యాల్లో క్రియ మారలేదు. ఆంగ్లంలో మొదటిదానికి ‘డిడ్ నాట్ ఈట్’, రెండవదానికి ‘హావ్ నాట్ ఈటెన్ యెట్’ అని క్రియారూపం మారుతుంది. అమెరికా వ్యవహారంలో ‘డిడ్ నాట్… యెట్’ కూడా వినిపిస్తుంది గాని, పరిశోధన రచనలో ‘హావ్ నాట్’ రూపమే శ్రేయస్కరం. ‘నో’, ‘ఎగ్జిస్ట్’ వంటి స్థితిబోధక క్రియలకు ఈ నియమం వర్తించదు. “ఐ డు నాట్ నో యెట్” అన్నది నిర్దుష్ట వాక్యమే.

చరిత్ర రచనలో ఈ భేదం మరింత ముఖ్యం. “1955 నాటికి ఆంధ్రప్రదేశ్ ఇంకా ఏర్పడలేదు” అనే తెలుగు వాక్యం సత్యం. ఆ రాష్ట్రం 1956 నవంబరు 1న అవతరించింది. దీనిని ఆంగ్లీకరిస్తూ ‘హాజ్ నాట్ యెట్ బీన్ ఫార్మ్డ్’ అని రాస్తే నేటికీ ఏర్పడలేదని అర్థం వచ్చి వాక్యం అసత్యమవుతుంది. ‘హాడ్ నాట్ యెట్ బీన్ ఫార్మ్డ్’ అని ఉండాలి. తెలుగులో ‘నాటికి’ అనే పదం కాలాన్ని నిర్ణయిస్తుంది గనుక క్రియ మారనవసరం లేదు. ఆంగ్లంలో క్రియ కూడా మారాలి.

5.4 ‘టిల్ నౌ’ దోషం. ‘ఇప్పటివరకు’ అన్న పదాన్ని మాటకు మాటగా ‘టిల్ నౌ’ అని మార్చడం పరిపాటి. “ఇప్పటివరకు ఈ గ్రంథం ముద్రణ కాలేదు” అన్నదానికి ‘టిల్ నౌ’ వాడితే, ఇప్పుడు ముద్రణ అయిందనే ధ్వని వస్తుంది. ముద్రణ నేటికీ కాలేదని చెప్పడానికి ‘యెట్’ గాని, ‘సో ఫార్’ గాని ఉండాలి. ఆ గ్రంథాన్ని తొలిసారిగా ప్రచురిస్తున్నప్పుడు మాత్రం ‘అంటిల్ నౌ’ సముచితం.

6. పరిశోధన రచనలో ‘యెట్’, ‘స్టిల్’

వ్యతిరేక వాక్యంలో ‘యెట్’కు బదులు ‘స్టిల్’ కూడా రావచ్చు. అప్పుడు స్థానం మారుతుంది, ధ్వని మారుతుంది. “ది రిపోర్ట్ హాజ్ నాట్ కమ్ యెట్” అన్నది తటస్థం. “ది రిపోర్ట్ స్టిల్ హాజ్ నాట్ కమ్” అన్నదానిలో ఇంతకాలమైనా రాలేదనే అసంతృప్తి ఉంది. ‘స్టిల్’ ఇక్కడ సహాయక్రియకు ముందు ఉండాలి. ‘హాజ్ నాట్ స్టిల్ కమ్’ అన్న క్రమం దోషం. తెలుగులో ఈ భేదాన్ని “ఇంకా రాలేదు”, “ఇప్పటికీ రానేలేదు” అనే వాక్యాలతో చూపవచ్చు.

పూర్వ పరిశోధనలను సమీక్షించేటప్పుడు ఈ ఎంపికకు విలువ ఉంది. ఒక విషయంపై పరిశోధన జరగలేదని మూడు విధాలుగా చెప్పవచ్చు. ‘వాజ్ నాట్ స్టడీడ్’ అంటే ఒక గతకాలంలో అధ్యయనం జరగలేదని. తర్వాత జరిగిందో లేదో ఆ వాక్యం చెప్పదు. ‘హాజ్ నాట్ యెట్ బీన్ స్టడీడ్’ అంటే రచనాకాలం వరకు జరగలేదని, జరగదగినదని. ‘స్టిల్ హాజ్ నాట్ బీన్ స్టడీడ్’ అంటే జరగవలసి ఉండి కూడా జరగలేదని, అది లోపమని. మొదటిది పరిశోధకుని ఉద్దేశాన్ని నెరవేర్చదు. మూడవది పూర్వ పరిశోధకులపై ఒక విమర్శ. ఆ విమర్శకు ఆధారాలు చూపవలసిన బాధ్యత రచయితపై ఉంటుంది. రెండవదే సాధారణంగా తగినది. అయితే అది కూడా ఒక ప్రతిజ్ఞే. రచనాకాలం వరకు వచ్చిన అధ్యయనాలను పరిశీలించినవారికే ఆ ‘యెట్’ రాసే అధికారం ఉంటుంది.

7. బోధనకు కొన్ని సూచనలు

‘యెట్’ అంటే ‘ఇంకా’ అని ఏకపదార్థంగా చెప్పడం కంటె వాక్యనిర్మాణాలను జతలుగా చూపడం ఫలప్రదం. ‘ఇంకా… లేదు’ అన్నచోట ‘నాట్… యెట్’. ‘ఇంకా… ఉన్నది, తున్నది’ అన్నచోట ‘స్టిల్’. ‘ఇంకా’ తర్వాత సంఖ్య వస్తే ‘మోర్’. ప్రశ్నార్థక సర్వనామం వస్తే ‘ఎల్స్’. గుణవాచకం వస్తే ‘ఈవెన్’. విద్యార్థి ‘ఇంకా’ తర్వాత ఏమున్నదో చూసి పదాన్ని ఎంచుకోగలడు. దీనికి మరో సాధనను జతచేయవచ్చు. ‘ఇంకా’ లేని “వచ్చారా?”, “అయిందా?” వంటి ప్రశ్నలను ఇచ్చి, మార్పును ఆశిస్తూ అడిగే సందర్భాల్లో ‘యెట్’ చేర్పించాలి. మాతృభాషలో కనిపించని పదాన్ని లక్ష్యభాషలో చేర్చడం అభ్యాసంతోనే అలవడుతుంది.

విద్యార్థుల దోషాలు వారి అజ్ఞానానికి గుర్తులు కావని, వారు మనసులో నిర్మించుకుంటున్న భాషావ్యవస్థకు సాక్ష్యాలని పిట్ కార్డర్ 1967లో వివరించాడు. “హి ఈజ్ యెట్ స్లీపింగ్” అని రాసిన విద్యార్థి యాదృచ్ఛికంగా తప్పు చేయలేదు. తెలుగులో ‘నిద్రపోతున్నాడు’, ‘రాలేదు’ అన్న రెండింటికీ ఒకే ‘ఇంకా’ చెల్లుతుందన్న నియమాన్ని అతడు నిక్కచ్చిగా పాటించాడు. అధ్యాపకుడు ఆ నియమాన్ని గుర్తించి, అది ఎక్కడ ఆగుతుందో చూపితే చాలు.

ముగింపు

‘ఇంకా’, ‘యెట్’ అనే పదాలు ఒకే విషయాన్ని రెండు దిక్కుల నుండి చూస్తాయి. వెనుకటి స్థితి సాగుతున్నదని ‘ఇంకా’, రావలసిన మార్పు రాలేదని ‘యెట్’ చెబుతాయి. వ్యతిరేక వాక్యంలో ఈ రెండు దృష్టులు కలుస్తాయి. అనుకూల వాక్యంలో, ప్రశ్నలో విడిపోతాయి. అవి కలిసే ఒక్క చోటును చూసి రెండింటిని పర్యాయపదాలుగా స్వీకరించడమే పైన చూపిన దోషాల్లో అధిక భాగానికి మూలం. వాక్యం రాసే ముందు ‘ఇక్కడ కొనసాగుతున్నది ఏమిటి, రావలసిన మార్పు ఏమిటి’ అని ప్రశ్నించుకుంటే, ‘యెట్’ ఎక్కడ అవసరమో, ‘స్టిల్’ ఎక్కడ తగునో నిర్ణయించుకోవడం సులభమవుతుంది. ఆంగ్ల సంగ్రహంలోని ఆ ఒక్క వాక్యం ఆధారంగానే ఇతర భాషల పరిశోధకులు ఒక తెలుగు పరిశోధన విలువను అంచనా వేయవచ్చు. కనుక ఇంత చిన్న పదంపై కూడా శ్రద్ధ వహించడం అవసరం.